కీమో తర్వాత జ్వరం వస్తే తెల్లవారే దాకా ఆగకండి

"మా నాన్నగారికి కీమోథెరపీ జరుగుతోంది. రాత్రిపూట జ్వరం వస్తే పారాసిటమాల్ వేసి, పొద్దున్నే ఆసుపత్రికి తీసుకువెళ్తే సరిపోతుందా?" అని మీరు అడిగారు. సరిపోదు. ఆ రాత్రే బయలుదేరాలి. మాత్ర వేయడానికి ముందే థర్మామీటరు పెట్టి, ఎంత చూపిందో, ఎన్ని గంటలకు చూపిందో కాగితం మీద రాసుకోవాలి. ఒక్కసారి 101 డిగ్రీలు చూపినా, 100.4 డిగ్రీలు గంటసేపు దిగకుండా ఉన్నా క్యాన్సర్ వైద్యులు దాన్ని అత్యవసర పరిస్థితిగానే చూస్తారు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా అక్క. రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స హైదరాబాద్‌లో, ఇల్లు ఖమ్మంలో. రెండో కీమో అయిన తర్వాతి వారంలో ఆమెకు నోరంతా పూసి, పెరుగన్నం తప్ప మరేదీ మింగుడు పడలేదు. ఒక సాయంత్రం, ఉక్కపోతతో మేమంతా అల్లాడుతున్న వేళ, ఫ్యాను ఆపమని, దుప్పటి మీద దుప్పటి కప్పమని అడిగింది. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి, గోళ్లు నీలి రంగుకు తిరిగాయి. థర్మామీటరు 101.6 చూపింది. ఇంట్లో పెద్దవాళ్లు వడదెబ్బ అన్నారు. వీధి చివరి ఆర్‌ఎంపీ గారు వచ్చి పారాసిటమాల్ ఇచ్చి, తుంటికి ఒక సూది కూడా వేస్తానన్నారు. రక్తకణాలు పడిపోయి ఉండే ఆ రోజుల్లో కండకు సూది వేయిస్తే లోపల రక్తం గూడుకట్టే ప్రమాదం, ఇన్‌ఫెక్షన్ చేరే ప్రమాదం రెండూ ఉంటాయని వార్డులో నర్సు ముందే చెప్పి ఉండడంతో నేను వద్దన్నాను. కాసేపటికి చెమటలు పోసి జ్వరం దిగింది. "తగ్గింది కదరా, పొద్దున్నే వెళ్దాంలే" అన్నారు అందరూ. కీమో తర్వాత వచ్చే జ్వరంలో అన్నిటికంటే ప్రమాదకరమైన ఘడియ అదే. పారాసిటమాల్ ఒంటి వేడిని దించుతుందే గాని, రక్తంలో పెరుగుతున్న బ్యాక్టీరియాను ఏమీ చేయదు.

కారు మాట్లాడుకుని దగ్గర్లో ఉన్న ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాం. జ్వరం అనగానే చీటీ రాయించుకుని వరుసలో కూర్చోమన్నారు. తెల్లకణాలు అడుగంటిన మనిషిని దగ్గుతున్న వాళ్ల మధ్య బెంచీ మీద కూర్చోబెట్టడం నాకు ఇప్పటికీ మింగుడు పడని విషయం. నేను కీమో ఫైలు తెరిచి, ఏ మందులు ఏ తేదీన ఎక్కించారో డ్యూటీ డాక్టరుకు చూపించి, కల్చర్‌కు (రక్తంలో ఏ బ్యాక్టీరియా ఉందో పెంచి చూసే పరీక్షకు) రక్తం తీసి వెంటనే యాంటీబయోటిక్ మొదలుపెట్టమని అడిగిన తర్వాతే కదలిక వచ్చింది. అప్పటికి బీపీ 80/50కి పడిపోయింది. బ్యాక్టీరియాతో పోరాడే తెల్లకణాలైన న్యూట్రోఫిల్స్ 90 ఉన్నాయి. మామూలుగా 1,500కు పైన ఉండవలసినవి 500 కన్నా తగ్గితేనే తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ల ముప్పు బాగా పెరుగుతుంది. రెండు చేతుల నుంచీ రక్తం తీసి, పైపెరాసిలిన్-టాజోబాక్టమ్ అనే యాంటీబయోటిక్ నరానికి ఎక్కించారు.

తర్వాత కల్చర్‌లో ఈ.కోలి అనే బ్యాక్టీరియా పెరిగింది. అది బయటి నుంచి వచ్చింది కాదు, మనందరి పేగుల్లో ఉండేదే. కీమో మందులు నోటి పొరను పూయించినట్టే పేగు పొరనూ దెబ్బతీస్తాయి కాబట్టి అక్కడి నుంచి రక్తంలోకి దారి దొరుకుతుంది, అడ్డుకునే కణాలు ఆ సమయానికి ఉండవు. అక్కకు దగ్గు లేదు, ఎక్స్‌రేలో ఏమీ లేదు, ఎక్కడా వాపు గాని చీము గాని లేదు. చీము పట్టాలన్నా తెల్లకణాలే కావాలి కదా. అందువల్ల ఇలాంటి వారిలో చాలాసార్లు జ్వరం ఒక్కటే గుర్తు, స్టెరాయిడ్లు వాడేవారిలో అదీ కనబడకపోవచ్చు. జ్వరం లేకుండా వణుకు, మగత, మూత్రం తగ్గడం ఉన్నా బయలుదేరవలసిందే.

కల్చర్ ఫలితం వచ్చే దాకా ఆగడం ఎంత ప్రమాదమో వైద్యులకు అర శతాబ్దం కిందటే తెలుసు. 1971లో అమెరికాలో షింఫ్ అనే వైద్యుడి బృందం, ఫలితం కోసం చూడకుండా జ్వరం రాగానే కార్బెనిసిలిన్, జెంటామైసిన్ అనే రెండు యాంటీబయోటిక్‌లు కలిపి మొదలుపెట్టే పద్ధతిని ప్రచురించింది. ఇప్పటి నియమం ప్రకారం ఆసుపత్రి గడప తొక్కిన గంటలోపు మొదటి డోసు పడాలి. మన ఊళ్లలో కొందరు కీమో రోగుల ప్రాణాలు తీసేది క్యాన్సర్ కాదని, ఈ ఆలస్యమేనని నా గట్టి నమ్మకం.

మరొక మాట కూడా చెప్పక తప్పదు. అదే వార్డులో లుకేమియాతో (రక్త క్యాన్సర్‌తో) ఉన్న ఒక కుర్రవాడి రక్తంలో పెరిగిన క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా మెరోపెనెమ్ అనే బలమైన యాంటీబయోటిక్‌కు కూడా లొంగలేదు. చివరికి కొలిస్టిన్ అనే మరో యాంటీబయోటిక్ ఇచ్చారు, దానివల్ల కిడ్నీలు దెబ్బతింటాయేమోనని రోజూ రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే పరీక్ష) చూసేవారు. జలుబు చేసిన ప్రతిసారీ మెడికల్ షాపులో అడిగి రెండు రోజులకు యాంటీబయోటిక్ కొనుక్కునే మన అలవాటుతో బ్యాక్టీరియా మందులకు మొండికేస్తోంది, దానికి వెల చెల్లిస్తున్నది ఆ మంచం మీది పిల్లలే. కొన్ని యాంటీబయోటిక్‌లను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదనే షెడ్యూల్ హెచ్1 నియమం 2014 నుంచి అమలులో ఉంది, అట్టల మీద ఎర్ర గీత ఉంది, అయినా చీటీ లేకుండా అమ్మే దుకాణం లేని వీధి నాకు కనబడలేదు.

మీ నాన్నగారి తదుపరి కీమోకు ముందే ఆంకాలజిస్టు గారి రాత్రి ఫోను నంబరు తీసుకోండి. కీమో అయిన వారం నుంచి రెండు వారాల మధ్య కణాలు బాగా పడిపోతాయి కనుక ఆ తేదీలను క్యాలెండరులో గుర్తుపెట్టి, ఫైలును తలుపు దగ్గరే ఉంచండి. మీ ఊళ్లో ఏ ఆసుపత్రిలో అర్ధరాత్రి కూడా కల్చర్‌కు రక్తం తీస్తారో పగటిపూట వెళ్లి కనుక్కోండి.