కారు ఇన్సూరెన్స్ ఫోన్‌లో చూపిస్తే చాలా, కాగితం ఉండాలా?

ఫోన్ చాలు. విశాఖలో పోలీసులు మద్దిలపాలెంలో ఆపినా, ఎన్‌ఏడీ జంక్షన్‌లో ఆపినా ప్రభుత్వ యాప్‌లైన డిజిలాకర్‌లో గానీ ఎంపరివాహన్‌లో గానీ ఉన్న పాలసీ అసలు కాగితంతో సమానం. వాట్సాప్‌లో దాచుకున్న ఫొటోని మాత్రం నమ్ముకోకండి.

మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ బీమా (మన బండి వల్ల ఇతరులకి జరిగే నష్టానికి చేసేది) లేకుండా బండి రోడ్డెక్కకూడదు. మొదటిసారి దొరికితే రూ.2,000, మళ్లీ దొరికితే రూ.4,000 జరిమానా, 3 నెలల దాకా జైలు కూడా పడొచ్చు. నిజానికి భయపడాల్సింది జరిమానాకి కాదు. బీచ్ రోడ్డులో ఎవరికైనా మన బండి తగిలి ప్రాణం పోతే పరిహారం లక్షల్లో ఉంటుంది, బీమా లేకపోతే అదంతా ఓనరే కట్టుకోవాలి.

చాలామంది పొరబడేది తేదీల దగ్గర. కొత్త కారుకి థర్డ్ పార్టీ 3 ఏళ్లకి ఇస్తారు, సొంత డ్యామేజీ కవరు తరచూ ఏడాదికే అయిపోతుంది. పాలసీలో రెండు గడువులూ విడిగా చూడండి. 2014 హుద్‌హుద్ లాంటి తుఫానులో కారు మీద చెట్టు పడితే థర్డ్ పార్టీ పాలసీ పైసా ఇవ్వదు. గడువు దాటాక 90 రోజుల్లోగా రెన్యువల్ చేయకపోతే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) కూడా పోతుంది.

సెకండ్ హ్యాండ్ కారు కొన్నారా? 14 రోజుల్లోగా పాలసీ మీ పేరుకి మార్చమని కంపెనీకి దరఖాస్తు పెట్టండి.