సమాధానం: గ్రంథాలయంలో బీపీ అందరికీ ఎక్కువే చూపిస్తోంది
మీ శాఖా గ్రంథాలయంలో బీపీ మిషన్ అందరికీ ఎక్కువే చూపిస్తోందన్నారు కదండీ, ముందు కూర్చోబెట్టే తీరు చూడండి. మెట్లెక్కి వచ్చినవాళ్లకి వెంటనే పట్టీ చుట్టొద్దు. 5 నిమిషాలు ఊరికే కూర్చోనివ్వండి. అంతకుముందు అరగంటలో టీ, బీడీ ఉండకూడదు. బెంచీ వద్దు, వీపు ఆనే కుర్చీ వెయ్యండి. పాదాలు నేలమీద, చెయ్యి గుండె ఎత్తులో బల్లమీద ఉండాలి. లావు చేతికి చిన్న పట్టీ వేస్తే అంకె పెరుగుతుంది, పెద్ద సైజుది విడిగా కొనాల్సిందే. కొలిచేటప్పుడు మాటలొద్దు (పేపరు చదివే చోట ఇదే అసలు కష్టం!). నిమిషం తేడాతో రెండుసార్లు చూసి, రెండూ చీటీమీద పెద్ద అక్షరాలతో రాసివ్వండి. 140/90 దాటితే "మీకు బీపీ ఉంది" అనకండి, ఏఎన్ఎం దగ్గరికి పంపండి. 180/120 దాటితే అదే రోజు డాక్టరు చూడాలి. ఛాతీనొప్పో మాట తడబాటో కూడా ఉంటే వెంటనే 108. మాత్రల సంగతి మాత్రం మీరు ఎత్తొద్దు.