పాటల పెట్టె: యాభై ఏళ్ళ వాళ్ళు పంక్ పాడితే నవ్వాలా?

ప్రశ్న: అన్నా, మా మేనమామ లండన్‌లో ఉద్యోగం చేసి తిరిగొచ్చినప్పుడు తెచ్చుకున్న అట్టపెట్టెను మొన్న అటక మీద నుంచి దించాం. అందులో సెక్స్ పిస్టల్స్ అనే ఇంగ్లీషు బ్యాండు కచేరీ డీవీడీ దొరికింది. మా ఇంట్లో ప్లేయర్ ఆడించనంది, రీజియన్ తప్పంట. స్నేహితుడి లాప్‌టాప్‌లో ఎట్లో ఆడించాం. పంక్ అంటే కుర్రాళ్ళు గిటార్లతో రెచ్చిపోయి అరిచే రాక్ సంగీతం అనుకున్నా. చూస్తే యాభై దాటిన నలుగురు పెద్దమనుషులు! భవిష్యత్తే లేదని ఇరవై ఏళ్ళప్పుడు కట్టిన పాటను ఇంకా పాడుతున్నారు. మావాళ్ళు పడీపడీ నవ్వారు. నాకెందుకో నవ్వు రాలేదు. ఇది దాచుకోదగ్గదేనా, పాత సామాన్లవాడికి వేసేయొచ్చా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: ముందు నీ ప్లేయర్ సంగతి తేల్చేద్దాం నాయనా. డీవీడీ కంపెనీలు ప్రపంచాన్ని ముక్కలుగా కోసి ఒక్కో ముక్కకు ఒక నంబరు తగిలించాయి. అమెరికాది 1, ఇంగ్లండుది 2, మనది 5. రెండో నంబరు డిస్కును ఐదో నంబరు ప్లేయర్ ముట్టుకోదు. లాప్‌టాప్ డ్రైవులో నంబరు మార్చుకునే వీలుంది గానీ ఐదుసార్లకే. చివరిసారి ఏది పెడితే అదే ఇక శాశ్వతం. అందుకని ఆ స్నేహితుడి దగ్గరికి ఊరికే డిస్కులు మోసుకుపోవద్దు. తుడిచేటప్పుడు మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు తుడువు. గుండ్రంగా పళ్ళెం తోమినట్టు తోమావంటే గీతలు పడతాయి.

ఇక అసలు విషయం. మీ మామ తెచ్చింది 2008లో వచ్చిన 'దేర్ విల్ ఆల్వేస్ బి యాన్ ఇంగ్లండ్' అయ్యుండాలి. 2007 నవంబరులో లండన్ బ్రిక్స్‌టన్ అకాడమీలో జరిగిన కచేరీలది. ఆ అకాడమీ 1929లో సినిమా హాలుగా మొదలైంది. మన ఊళ్ళో సినిమా హాళ్ళు మూతబడితే కల్యాణ మండపాలవుతున్నాయి, అక్కడ పాటలకు పనికొచ్చింది. డీవీడీకి పెట్టిన పేరు 1939 నాటి ఒక దేశభక్తి పాటది. ఎలిజబెత్ రాణిగారు గద్దెనెక్కి పాతికేళ్ళయిన ఉత్సవాలప్పుడు ఆమె మీదే వెటకారంగా పాట కట్టి బీబీసీలో నిషేధం తెచ్చుకున్న వాళ్ళు ఈ పేరు పెట్టుకున్నారంటే ఆ కొంటెతనం చూడు.

వీళ్ళ కథ చాలా పొట్టిది. 1975లో మొదలు, 1978 జనవరిలో సరి. స్టూడియో ఆల్బం ఒకే ఒక్కటి, 1977 అక్టోబరులో. ఊరూరా షోలు రద్దు చేస్తుంటే, ఆ ఏడు ఆగస్టులో మారుపేర్లతో దొంగచాటుగా తిరిగి పాడారు. 1978 జనవరి 14న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆఖరి షో. మోసపోయామని మీకెప్పుడైనా అనిపించిందా అని పాటగాడు జానీ రాటెన్ జనాన్నే అడిగి మైకు పడేసి పోయాడు. కొద్ది రోజుల్లోనే బ్యాండు చెదిరింది. బాస్ గిటార్ పట్టిన సిడ్ విషస్ మరుసటేడు ఫిబ్రవరిలో మత్తుమందు ఎక్కువై పోయాడు. ఇరవయ్యొక్కేళ్ళు.

టీషర్టుల మీద బొమ్మలన్నీ సిడ్‌వే. నువ్వు కూడా చూసే ఉంటావు, ముళ్ళ జుట్టు, మెడలో గొలుసుకు తాళం. కానీ ఆల్బంలో అతను వాయించింది దాదాపు లేదు. బాస్ కూడా చాలామటుకు గిటారిస్టు స్టీవ్ జోన్సే వాయించేశాడు. ఆ పాటల్లో ఎక్కువ భాగం కట్టడంలో చెయ్యున్నది అంతకుముందు బాస్ వాయించిన గ్లెన్ మాట్లాక్‌ది. అతను 1977 ఫిబ్రవరిలో బయటికెళ్ళాడు, ఆ చోటులోకే సిడ్ వచ్చాడు. నీ డీవీడీలో బాస్ పట్టుకుని నిలబడింది మాట్లాక్. పాటలు కట్టినవాడే వాయిస్తున్నాడన్నమాట. ఈసారి చూసేటప్పుడు బొమ్మ ఆపి, చెవులు మాత్రం పెట్టి విను. నవ్విన నీ స్నేహితుల్ని కూడా కూర్చోబెట్టు.

డబ్బుకోసం కలిశారు గదా అంటారు. అవును, డబ్బుకోసమే. 1996లో మొదటిసారి తిరిగి కలిసినప్పుడు విలేకరుల ముందే చెప్పారు, మమ్మల్ని కలిపింది మీ డబ్బేనని. ఆ టూరుకు పెట్టిన పేరుకు తెలుగులో పాపిష్టి సొమ్ము అని అర్థం చెప్పుకోవచ్చు. నాకైతే అందులో తప్పేమీ కనబడదు. మన నాటకాల్లో పద్యం బాగా ఎత్తితే జనం లేచొచ్చి కృష్ణుడి చొక్కాకు నోట్లు పిన్ను పెట్టి గుచ్చరా? ఆ కృష్ణుడు వద్దన్నాడా?

నాటకం అంటే గుర్తొచ్చింది. కడప ఏడు రోడ్ల దగ్గర నేను క్యాసెట్ల అంగడి పెట్టుకున్న రోజుల్లో, జనం చిత్తుకాగితం మీద పాటల జాబితా రాసిస్తే ఖాళీ క్యాసెట్‌కు ఎక్కించి ఇచ్చేవాణ్ణి. పండగల్లో టేపురికార్డరు మోసుకుని ఊళ్ళకు కూడా పోయేవాణ్ణి. ఒక ఊళ్ళో తిరునాళ్ళ రాత్రి పద్యనాటకం. కృష్ణుడి వేషం వేసిన ఆయనకు అప్పటికే అరవై దాటాయి. పాత జట్టు విడిపోయి ఏళ్ళయింది, ఊరివాళ్ళు బతిమాలి ఆ ఒక్క రాత్రికి అందర్నీ కలిపారు. కిరీటం వదులై నుదుటి మీదికి జారుతుంటే ఎడంచేత్తో పైకి తోసుకుంటూ పాడుతున్నాడు. నేను తొంభై నిమిషాల క్యాసెట్ పెట్టాను, అంటే ఒక వైపు నలభై ఐదే. పద్యం ఆఖరి పాదంలో రాగం అందుకున్నాడు, హార్మోనియం వెంట పడింది, జనం ఊపిరి బిగబట్టారు. టక్కుమని మీట పైకి లేచింది. ఏ సైడు అయిపోయింది.

కాళ్ళు వణికాయి. తిప్పేలోపు రాగం ముగిసింది, చప్పట్లు కూడా ముగిశాయి. అంతలో వెనక చాపల మీంచి ఎవరో వన్స్‌మోర్ అని కేకేశారు. పందిరంతా అందుకుంది. ఆయన ఒక గుక్క నీళ్ళు తాగి మళ్ళీ మొదటి నుంచి ఎత్తాడు. రెండోసారి గొంతు బొంగురు పోయింది. పైకి పోవాల్సిన చోట పోలేక పక్కనుంచి చుట్టి వచ్చాడు. ఆ చుట్టి రావడం మొదటిసారి కంటే నాకు నచ్చింది. ఈ మాట అప్పుడు ఎవరికీ చెప్పలేదు, క్యాసెట్ అయిపోయిన సంగతి కప్పిపుచ్చుకోవడానికి అంటున్నానని అనుకుంటారని. ఇప్పుడు వాళ్ళింట్లో ఆయన గొంతు ఉన్నది ఆ బీ సైడు మీదే.

నీ డీవీడీలో రాటెన్‌కు అప్పటికి 51 ఏళ్ళు. ఇరవై ఏళ్ళవాడి గొంతు కావాలంటే 1977 ఆల్బం ఉండనే ఉంది. ఇది బీ సైడు. అటక మీద పెట్టొద్దు, వేడికి డిస్కులు పాడవుతాయి. బీరువాలో పెట్టు.

ప్రశ్న: మన తెలుగులో పంక్ లాంటిది వచ్చిందా అన్నా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: పాటలో నాకు తగల్లేదు గానీ కవిత్వంలో ఆ పిస్టల్స్ వాళ్ళకంటే పదేళ్ళ ముందే వచ్చిందమ్మా. 1965లో హైదరాబాద్‌లో దిగంబర కవులు తమ మొదటి సంపుటిని అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడి చేత విడుదల చేయించారు. నగ్నముని, నిఖిలేశ్వర్, చెరబండరాజు, జ్వాలాముఖి, భైరవయ్య, మహాస్వప్న. అన్నీ పెట్టుకున్న పేర్లే. జాన్ లైడన్‌కు పుచ్చుపళ్ళు చూసి జానీ రాటెన్ అని పేరొచ్చినట్టు అనుకుందామంటే, మనవాళ్ళ పేర్లకు ఇంకాస్త నిప్పు ఎక్కువ. పెద్దమనుషులు చీదరించుకోవడం మాత్రం రెండు చోట్లా ఒకటే.

ప్రశ్న: అన్నగారూ, మా మామగారు రిటైరైన టీచరు. వయసులో ఉన్నప్పుడు నాటకాల జట్టు ఉండేదట. మిగిలిన ఐదుగురూ కలిసి ఈ ఉగాదికి ఊళ్ళో రాయబారం సీను వేస్తామంటున్నారు. మేము ఫోన్లతో వీడియో తీయాలనుకుంటున్నాం. ఒక్కటే టెన్షన్, పాడైపోతే మళ్ళీ వేయరు. ఎలా తీయాలి?
– ఒక కోడలు, తాడిపత్రి

జవాబు: బళ్ళారి రాఘవ పుట్టిన ఊరి నుంచి నాటకం గురించి నన్ను అడుగుతున్నావు, అదీ బాగుంది. ఒక ఫోను స్టాండు మీద పెట్టి స్టేజీ మొత్తం కనపడేలా బిగించెయ్యి, నాటకం అయ్యేదాకా దాన్ని ఎవరూ తాకకూడదు. రెండోది చేత్తో పట్టుకుని ముఖాలు తియ్యి. రెండూ విమానం మోడులో ఉండాలి, లేకపోతే శకుని పాచికలు వేసేటప్పుడు గ్యాస్ ఏజెన్సీ ఫోనొస్తుంది. రాయబారంలో పాచికలు ఉండవు గదా అంటావేమో, మా ఊళ్ళో ఒకసారి అవీ కలిపేశారు. మాటలు, పద్యాలు మాత్రం ఫోను మైకును నమ్ముకోకు. సౌండు బాక్సుల అతన్ని అడిగితే మిక్సర్ నుంచి వైరు ఇచ్చి వేరుగా రికార్డు చేసిస్తాడు, తర్వాత బొమ్మకు జత చేసుకోవచ్చు. జనరేటర్ స్టేజీ వెనక ఉంటే దూరం జరిపించు.

ఇంకో పని కూడా చెయ్యమ్మా. పైన చెప్పిన డీవీడీలో కచేరీతో పాటు, ఆ నలుగురూ లండన్‌లో తాము తిరిగిన చోట్లకు మళ్ళీ పోయి అక్కడేం జరిగిందో చెప్పుకునే చిత్రం ఉంది. దర్శకుడు జూలియన్ టెంపుల్ బ్యాండు మొదలైన రోజుల నుంచీ వాళ్ళను కెమెరాతో వెంబడించిన మనిషి కాబట్టి ఎక్కడికి తీసుకుపోవాలో అతనికి తెలుసు. కచేరీ కంటే నాకు అదే ఎక్కువ నచ్చింది. మీ మామగారిని కూడా పండక్కి ముందే ఒక సాయంత్రం రిహార్సలు వేసిన బడికీ, వేషాలు దాచిన ఇంటికీ తీసుకుపో. అక్కడ నిలబెట్టి ఫోను ఆన్ చేసి ఊరుకో, ప్రశ్నలు వేయొద్దు, ఆయనే మొదలుపెడతాడు.

క్యాసెట్ తిప్పే బాధ నీకు లేదు. ఫోన్లో జాగా ఉందో లేదో ముందురోజే చూసుకో.