మానేసిన మూడో రాత్రే పాత భయం ఎందుకు తిరిగొస్తోంది?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. ఉద్యోగం చేస్తున్నాను. ఏడేళ్ల వయసులో దగ్గర బంధువు ఒకాయన చాలాకాలం నాతో తప్పుగా ప్రవర్తించాడు. అమ్మకు చెబితే ఎవరితోనూ అనొద్దంది. ఆరేళ్లుగా రాత్రిపూట తాగుతున్నాను. ఇప్పుడు రోజూ మూడు పెద్ద పెగ్గులు. రెండేళ్లుగా దాంతోపాటు ఆల్ప్రజోలామ్ 0.5 మాత్ర ఒకటి వేసుకుంటేగానీ నిద్ర పట్టదు. మూడుసార్లు ఒక్కసారిగా మానేశాను. ప్రతిసారీ మూడు నాలుగు రోజులకే వణుకు, చెమటలు, అవే పీడకలలు. మళ్లీ మొదలుపెట్టేశాను. ఈ ఏడాది మా పాపకు ఏడు నిండాయి, అప్పట్నుంచి ఇంకా ఎక్కువైంది. మావారికి తాగుడు సంగతి తెలుసు, చిన్ననాటి సంగతి తెలియదు. నేను అంత బలహీనురాలినా? ముందు తాగుడు మానాలా, ముందు మనసు బాగుచేసుకోవాలా? ఆయనకు చెప్పాలా?

జవాబు: ఈ రాత్రి నుంచే మానేస్తానని మాత్రం పట్టు పట్టకండి. కౌన్సెలర్ ఇలా అనడం వింతగానే ఉంటుంది గానీ, మీ ఉత్తరంలో అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే. పెద్ద పెగ్గు అంటే 60 మిల్లీలీటర్లు అనుకుంటే రోజుకు 180. నలభై శాతం మద్యంలో అది సుమారు 57 గ్రాముల ఆల్కహాల్. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలమానంలో ఆడవాళ్లకు రోజుకు 40 గ్రాములు దాటితే అధిక ప్రమాదం కింద లెక్క. మగవాళ్లకు ఆ గీత 60 దగ్గర ఉంది. దానిపైన ఆందోళన తగ్గించే ఆల్ప్రజోలామ్ మాత్ర. మెదడును శాంతపరిచే గాబా అనే రసాయనం ఉంది కదా, మద్యమూ ఈ మాత్రా రెండూ దాని పనినే పెంచుతాయి. అందుకే రెండూ కలిస్తే నిద్రలో ఊపిరి మందగిస్తుంది. రెండూ ఒకేసారి ఆపితే ఫిట్స్ రావచ్చు. మూడుసార్లు ఏమీ కాలేదు కదా అన్న ధైర్యం కూడా పనికిరాదు. ఆపడం, మొదలుపెట్టడం, మళ్లీ ఆపడం ఇలా సాగేకొద్దీ మానినప్పుడు ఒంట్లో రేగే బాధలు, అంటే విత్‌డ్రాయల్ మరింత తీవ్రంగా వచ్చే అవకాశం ఉంది.

మద్యం ఆపిన 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. ఫిట్స్ వచ్చేట్టయితే ఎక్కువగా మొదటి రెండు రోజుల్లో వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో కొందరికి స్థిమితం తప్పి, లేనివి కనిపించి, జ్వరం వస్తుంది. అది ప్రాణం మీదికి తెచ్చే స్థితి. ఎక్కడున్నామో తెలియకపోవడం, ఆగని వాంతులు, ఫిట్స్, లేని మనుషులు కనిపించడం, వీటిలో ఏ ఒక్కటి వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మాత్ర విషయం వేరు. ఆల్ప్రజోలామ్ త్వరగా ఒంట్లోంచి పోతుంది కాబట్టి డోసుకూ డోసుకూ మధ్యలోనే ఆందోళన తన్నుకొస్తుంది. డాక్టర్లు తరచూ దాన్ని ఎక్కువసేపు పనిచేసే మందులోకి మార్చి, రెండు నుంచి నాలుగు వారాలకోసారి 5 నుంచి 10 శాతం చొప్పున తగ్గిస్తారు. అంటే నెలల పని. మద్యం మాత్రం వైద్య పర్యవేక్షణలో వారం పది రోజుల్లో ఆపించగలరు.

కాబట్టి మొదటి పని సైకియాట్రిస్టు లేదా డీఅడిక్షన్ డాక్టరు. అక్కడ మీలాంటివాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. ‘నిద్ర పట్టడం లేదండీ’ అని మాత్రమే చెబుతారు, ఇంకో నిద్రమాత్ర రాయించుకుని వస్తారు. తాగుడు సంగతి చెబితే చులకనవుతామని భయం, చిన్ననాటి సంగతి అడిగేవాళ్లుండరు. నోరు పెగలకపోతే కాగితం మీద రాసి చేతికివ్వండి: రోజుకు ఎన్ని మిల్లీలీటర్లు, ఎన్నేళ్లుగా, చివరిసారి ఎప్పుడు, మాత్ర ఎన్ని మిల్లీగ్రాములు, గతంలో మానినప్పుడు ఏమైంది, ఇంకా ఏయే మందులు వాడుతున్నారు, గర్భం వచ్చే అవకాశం ఉందా. చివర ఒక వాక్యం: ‘చిన్నప్పుడు లైంగిక వేధింపులకు గురయ్యాను, మానేసినప్పుడల్లా పీడకలలు వస్తాయి.’ వివరాలు రాయక్కర్లేదు. ఈ ఒక్క వాక్యంతో మీ వైద్యం దారే మారుతుంది.

ఎందుకు మారుతుందో చెప్తాను. మానేసిన మూడో రాత్రి మీకొచ్చే భయం ఒక్కటి కాదు, మూడు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి విత్‌డ్రాయల్. రోజూ మద్యం అణచిపెడుతుంటే మెదడు దానికి ఎదురు తన్నడం నేర్చుకుంటుంది. మద్యం లేని రోజున ఎదురుగా అడ్డులేక ఆ ఉద్రేకం ఒక్కసారిగా పొంగుతుంది. గుండె దడదడలాడుతుంది, చిన్న చప్పుడుకే ఉలికిపడతారు. రెండోది కలల నిద్ర. మద్యం రాత్రి మొదటి సగంలో కలలు వచ్చే నిద్రను తొక్కిపెడుతుంది. మానగానే అది మరింత బలంగా తిరిగొస్తుంది, కలలు చాలా స్పష్టంగా, భయంకరంగా ఉంటాయి. మూడోది మాత్రమే అసలు పాత గాయం. మొదటి రెండూ చాలామందిలో రోజుల్లో, వారాల్లో తగ్గుతూ పోయేవి. కానీ మూడూ ఒకేసారి మీద పడేసరికి ‘తాగకపోతే నేను బతకలేను’ అని ఒంటికి రుజువైనట్టే అనిపిస్తుంది. మీరు మూడుసార్లు వెనక్కి తిరిగింది సరిగ్గా ఇక్కడే. డాక్టరు పర్యవేక్షణలో అంతకంటే ఒక్క వారం దాటి ఉంటే మొదటిదాని తీవ్రత చాలావరకు తగ్గేది. ఆ సంగతి మీకు చెప్పినవాళ్లు లేరు.

చిన్నతనపు గాయానికీ వ్యసనానికీ ముడి ఉందన్నది ఊహ కాదు. అమెరికాలో ఫెలిటీ, ఆండా అనే డాక్టర్లు 1998లో ప్రచురించిన పరిశోధనలో బాల్యంలో నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రకాల చేదు అనుభవాలు ఉన్నవారికి మద్యవ్యసనం, మాదకద్రవ్యాలు, డిప్రెషన్, ఆత్మహత్యా ప్రయత్నం వంటి ముప్పులు 4 నుంచి 12 రెట్లు ఎక్కువగా కనిపించాయి. ఇంట్లో వాతావరణమే బాగోలేదు, వేధింపు వల్లే అని ఎలా చెప్తారని ఎవరైనా అడగొచ్చు. 2000లో సైకియాట్రిస్టు కెండ్లర్ బృందం కవల అక్కచెల్లెళ్లను పోల్చి చూసింది. ఒకే ఇంట్లో పెరిగినా, వేధింపుకు గురైన అమ్మాయికే తర్వాత వ్యసనం, మానసిక సమస్యల ముప్పు ఎక్కువగా ఉంది. కోర్టు రికార్డులకెక్కిన బాధిత పిల్లలను పెద్దయ్యేదాకా గమనించిన మనస్తత్వ శాస్త్రవేత్త క్యాథీ విడమ్ పరిశోధనలో మద్యంతో ఈ సంబంధం ఆడవాళ్లలో కనిపించింది, మగవాళ్లలో కనిపించలేదు. ఇదంతా తలరాత అనుకోకండి. చిన్నప్పుడు దెబ్బతిన్న ఆడవాళ్లలో వ్యసనం లేనివాళ్లే ఎక్కువ. కాకపోతే వ్యసనంతో వచ్చిన ఆడమనిషిని ఆ సంగతి అడగకుండా వైద్యం చేస్తే సగం జబ్బునే చూసినట్టు.

ఆడవాళ్ల ఒంట్లో నీటి శాతం తక్కువ, మద్యాన్ని పొట్టలోనే విరగ్గొట్టే ఎంజైమూ తక్కువ. అందుకని అంతే కొలతకు రక్తంలో ఎక్కువ చేరుతుంది. తాగడం ఆలస్యంగా మొదలుపెట్టినా, అలవాటు వ్యసనంగా మారడానికి పట్టే కాలం వాళ్లలో తరచూ తక్కువ. నిద్రమాత్రల సంగతీ అంతే. జోల్పిడెం అనే నిద్రమాత్ర ఆడవాళ్ల ఒంట్లో నెమ్మదిగా కరుగుతుందని 2013లో అమెరికా ఔషధ సంస్థ వాళ్ల డోసును 10 నుంచి 5 మిల్లీగ్రాములకు తగ్గించింది.

బలహీనురాలినా అన్నారు. ఏడేళ్ల పిల్లకు ప్రమాదం ఇంట్లోనే ఉంటే, నమ్మి చెప్పిన చోట నోరు మూయిస్తే, ఆ ఒంట్లో హెచ్చరిక గంట ఆగకుండా మోగడం నేర్చుకుంటుంది. దాన్ని ఆపే మార్గం మీకు దొరికింది ఒక్కటే. అది పనిచేసింది కూడా, కొన్నాళ్లు. ఆ పనిని ఇంకొకటి అందుకునేదాకా మద్యాన్ని ఊరికే లాగేస్తే మళ్లీ అక్కడికే వెళ్తారు. ఇందులో మనోబలం ప్రసక్తి చాలా తక్కువ.

ముందు ఏది అన్న ప్రశ్నకు జవాబు: రెండూ కలిపే. ‘ఆరు నెలలు తాగకుండా ఉండి చూపించు, తర్వాత గతం గురించి మాట్లాడదాం’ అనే పాత పద్ధతి మీలాంటివారిని ఏళ్ల తరబడి గుమ్మం బయటే నిలబెట్టింది. పీడకలలు ఆగనిదే ఆరు నెలలు గడవవు. దీనికి వ్యతిరేకంగా, మొదటి సెషన్లోనే జరిగిందంతా చెప్పించి, గుండె అదురుతున్న మనిషిని అలాగే ఇంటికి పంపే కౌన్సెలర్లూ ఉంటారు. ఆ రాత్రి మీరు తాగుతారు. వాళ్లకు ఆ సంగతి తెలియదు, మీరు మళ్లీ వెళ్లరు. అమెరికా సైకియాట్రిస్టు జుడిత్ హెర్మన్ చెప్పిన వరస ఇప్పటికీ సరైనదే: మొదట భద్రత, తర్వాత జ్ఞాపకాలను తలచుకుని దుఃఖపడటం, ఆపైన తిరిగి నలుగురిలో కలవడం. మొదటి నెలల్లో గతాన్ని తవ్వకుండా ఈరోజును దాటడం నేర్పే చికిత్స కావాలి. మనస్తత్వ శాస్త్రవేత్త లీసా నజావిట్స్ రూపొందించిన ‘సీకింగ్ సేఫ్టీ’ అనే చికిత్స అలాంటిదే, అందులో 25 అంశాలుంటాయి, జరిగింది వివరంగా చెప్పాల్సిన పని ఉండదు. కాస్త నిలదొక్కుకున్నాక పాత జ్ఞాపకాలను భద్రంగా, కొద్దికొద్దిగా ఎదుర్కోవడం నేర్పే ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్, ఇ.ఎమ్.డి.ఆర్. లాంటివి. ఎక్స్‌పోజర్ పద్ధతిని వ్యసన చికిత్సతో కలిపి 2012లో ఆస్ట్రేలియాలో పరీక్షించినప్పుడు గాయం లక్షణాలు తగ్గాయి, వ్యసనం ముదరలేదు.

థెరపిస్టును ఎంచుకునే ముందు మూడు ప్రశ్నలు అడగండి. నేను పూర్తిగా మానకముందే నాతో పనిచేస్తారా? గాయానికి ఏ పద్ధతి వాడతారు? మాట్లాడుతూ మాట్లాడుతూ నేను మొద్దుబారిపోతే ఏం చేస్తారు? మూడోదానికి తడబడితే ఇంకొకరిని చూసుకోండి. గ్రూపులో చేరమంటే ఆడవాళ్లకే ప్రత్యేకంగా ఉన్నది ఉందేమో అడగండి.

మందుల్లో నాల్ట్రెక్సోన్, అకాంప్రొసేట్ తాగాలనే కోరికను తగ్గిస్తాయి. ట్రమడాల్, కోడీన్ ఉన్న దగ్గుమందు లాంటివి వాడుతుంటే నాల్ట్రెక్సోన్ వేసుకోకూడదు, ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. బి1 విటమిన్ తప్పనిసరిగా అడగండి. తాగితే ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ అనే మందు గురించి ఇంట్లోవాళ్లకూ ఒక మాట: తాగే మనిషికి తెలియకుండా దాన్ని తిండిలో కలపడం వైద్యం కాదు, గుండె ఆగే ప్రమాదం ఉంది.

ఇక రాత్రులు. పడుకునే గదిలో చిన్న దీపం వెలగనివ్వండి. మంచం పక్కన పెద్ద అక్షరాలతో ఒక చీటీ: ఈ ఏడాది ఏది, మీ వయసెంత, ఏ గదిలో ఉన్నారు, తలుపు గడియ ఎవరి చేతిలో ఉంది. కల నుంచి లేచినప్పుడు పాదాలు నేలకు ఆనించి దాన్ని పైకి చదవండి. ముఖానికి చన్నీళ్లు కొట్టుకోండి. కనిపించేవి ఐదు, తాకగలిగేవి నాలుగు, వినిపించేవి మూడు పైకి చెప్పండి. కళ్లు మూసుకుని ధ్యానం చేయమని అందరూ చెప్తారు, మీరు మాత్రం ఇప్పట్లో వద్దు. గాయం ఉన్నవాళ్లకు కళ్లు మూస్తే చాలాసార్లు లోపలి బొమ్మలే పెద్దవవుతాయి. కళ్లు తెరిచే నాలుగు అంకెల లెక్కతో గాలి పీల్చి, ఆరు అంకెలతో వదలండి. తాగాలనే కోరిక సాధారణంగా 20, 30 నిమిషాల్లో పైకెక్కి దిగుతుంది. డాక్టరు పర్యవేక్షణలో మానాక సీసా ఇంట్లో లేకపోతే ఆ అరగంట గడుస్తుంది, ఉంటే కష్టం. మళ్లీ మళ్లీ వచ్చే కల ఒకటుంటే పగటిపూట దాని ముగింపు మార్చి రాసి, రోజూ పది నిమిషాలు ఆ కొత్త కథను మనసులో తిప్పండి. మరీ ఘోరమైన కలతో మొదలుపెట్టకండి. నెలసరికి ముందు వారం క్యాలెండర్లో గుర్తు పెట్టుకోండి, చాలామందికి కోరిక, ఆందోళన రెండూ అప్పుడే పెరుగుతాయి.

కొన్ని వారాలు మానేశాక ఒకరోజు జారి తాగినా, పాత కొలత తాగకండి, పైన మాత్ర అసలే వేసుకోకండి. ఒంటికి ఆ తట్టుకునే శక్తి పోయి ఉంటుంది. తిట్టుకోవడం మాని, తాగడానికి ముందు రెండు గంటల్లో ఏం జరిగిందో నాలుగు ముక్కలు రాసి తర్వాతి సెషన్‌కు తీసుకెళ్లండి.

మీవారికి చెప్పాలా? వివరాలు చెప్పక్కర్లేదు, అసలు చెప్పకపోతే ఆయన తాగుడుతోనే యుద్ధం చేస్తుంటాడు. మీరు తాగని, ఆయన అలసిపోని ఒక పగటిపూట ఇంతే చెప్పండి: ‘చిన్నప్పుడు ఒకాయన నాతో తప్పుగా ప్రవర్తించాడు. నా పీడకలలకూ తాగుడుకూ దాంతో సంబంధం ఉందట. వైద్యం మొదలుపెడుతున్నాను. ఇప్పుడు ఇంతకంటే అడగొద్దు.’ ఆయన చేయాల్సింది కొంచెమే. కలలో అరిచినప్పుడు పట్టుకుని కుదపకూడదు, దూరం నుంచి పేరు పెట్టి పిలిచి లైటు వేయాలి. ‘అప్పుడే ఎందుకు చెప్పలేదు’ అనకూడదు. ఇంకొకటి కూడా ఇద్దరూ మాట్లాడుకోవాలి. ఇన్నాళ్లూ మద్యం మత్తులోనే దగ్గరై ఉంటే, మత్తు లేని దగ్గరితనం మొదట్లో భయపెట్టవచ్చు. ‘ఆగు’ అంటే కారణం అడగకుండా ఆగాలని ముందే ఒప్పందం చేసుకోండి.

పాపకు ఏడేళ్లు నిండాక ఎక్కువైందన్నారు. తమకు అది జరిగిన వయసు బిడ్డకు వచ్చేసరికి తల్లులకు ఇలా కావడం తరచూ చూసేదే. ఆ వయసు ఎంత చిన్నదో అప్పుడే కళ్లకు కడుతుంది. మీరు రాయని సంగతి ఒకటుంది: ఆ మనిషి ఇప్పటికీ మీ ఇళ్లకు వచ్చిపోతున్నాడా? అలాగైతే ఈ వారమే, మీ వైద్యంతో నిమిత్తం లేకుండా, పాప ఒక్క నిమిషం కూడా అతనితో ఒంటరిగా ఉండకుండా చూడండి. మీ అమ్మగారి ఇంట్లో వదిలి వెళ్లే అలవాటుంటే అదీ ఆపండి. దీనికి కుటుంబంలో ఎవరికీ సంజాయిషీ ఇవ్వాల్సిన అవసరం లేదు. పాపకు ఒంటి భాగాల పేర్లు, తాకితే వద్దనే హక్కు, రహస్యంగా ఉంచమన్నా అమ్మకు చెప్పాలన్న మాట నేర్పండి. తను ఏదైనా చెబితే ముందు నమ్మండి, ప్రశ్నలు తక్కువ అడిగి, ఆ రోజే పిల్లల డాక్టరు దగ్గరికో బాలల రక్షణ అధికారుల దగ్గరికో తీసుకెళ్లండి.