పంటి స్కాఫోల్డ్ పని మొదలుపెట్టబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన సినాప్సిస్ (థీసిస్ ప్రణాళిక) శ్రద్ధగా చదివాను. దంతవైద్యంలో పీజీ అయిన ఎండీఎస్ మొదటి ఏడాదిలోనే, కొత్త కణజాలం పెరగడానికి పందిరిలా ఆసరా ఇచ్చే స్కాఫోల్డ్ పనికి పూనుకున్నందుకు ఎంతో సంతోషంగా ఉంది. కానీ అందులో నువ్వు ఎంచుకున్న స్కాఫోల్డ్ పదార్థం కైటోసాన్ గురించి పేజీలకు పేజీలు ఉన్నాయి, అది వెళ్లి కూర్చోవలసిన పన్ను గురించి నాలుగు వాక్యాలైనా లేవు. ముందు పదార్థాన్ని పట్టుకుని, తర్వాత దానికో పన్ను వెతకడం వద్దమ్మా. పన్నును ఎంచుకో. ఏ పదార్థం కావాలో అదే చెబుతుంది.

ఎనిమిదేళ్ల పిల్లవాడు బడిలో పడి పై ముందుపన్ను విరగ్గొట్టుకున్నాడనుకో. కొన్నాళ్లకు లోపలి పల్ప్ (నరం, రక్తనాళాలు ఉండే మెత్తటి కణజాలం) చచ్చిపోయింది. ఆ పన్ను వేరు కొస మూసుకునేది సుమారు పదేళ్ల వయసులో. పల్ప్ పోగానే ఎదుగుదల ఆగిపోతుంది, కొస తెరుచుకునే ఉంటుంది, గోడలు పలచగా మిగిలిపోతాయి. నెలల తరబడి కాల్షియం హైడ్రాక్సైడ్ మందు పెట్టి కొస మూయించినా, మరో చిన్న దెబ్బకు పన్ను మెడ దగ్గర విరిగే ప్రమాదం ఉంటుంది. ఆ గోడలు మందం కావాలి, ఆ పంటికి మళ్లీ ప్రాణం రావాలి. నీ థీసిస్ ఈ పిల్లవాడి కోసమే అనుకుని రాయి.

ఇక్కడ నీ స్కాఫోల్డ్ పోటీ పడవలసింది రక్తపు గడ్డతో. రూట్ కెనాల్‌లో, అంటే వేరు లోపలి సన్నటి గొట్టంలో, రక్తం గడ్డకట్టనిస్తే ఏమవుతుందో నైగార్డ్-ఓస్ట్‌బీ 1961లోనే పరిశీలించి రాశాడు. 2001లో జపాన్‌లో ఇవాయా బృందం, 2004లో బ్యాంక్స్, ట్రోప్‌లు ఎదగని పళ్లలో తమ ఫలితాలు ప్రచురించాక ఈ పద్ధతి ఊపందుకుంది. ఫైలు అనే సన్నటి పరికరాన్ని వేరు కొస దాటించి రక్తం రప్పిస్తాం, దాని మీద ఎంటీఏ అనే సిమెంటు వేసి మూస్తాం. ఖరీదైన సామగ్రి అక్కరలేదు. చాలా పళ్లలో చీము తగ్గి కొస మూసుకుంటుంది, కొన్నింటిలో గోడలూ మందమవుతాయి. అయితే అలా చికిత్స చేసిన పళ్లను తర్వాత ఏ కారణంగానో తీయవలసి వచ్చినప్పుడు, మైక్రోస్కోప్ కింద తరచుగా కనిపించింది సిమెంటం (వేరు పైపొర) లాంటి, ఎముక లాంటి కణజాలమే. పంటి గోడ పదార్థమైన డెంటిన్‌ను తయారుచేసే ఒడాంటోబ్లాస్టు కణాల వరస అరుదు. గడ్డ చేయలేకపోతున్నది అదే కాబట్టి నీ ప్రశ్న అక్కడే మొదలవ్వాలి. గడ్డను ఒక గుంపుగా, పీఆర్ఎఫ్‌ను (రోగి రక్తం నుంచే తీసే ఫైబ్రిన్ ముద్దను) మరో గుంపుగా పెట్టుకుని పోల్చు. వాటిని మించని స్కాఫోల్డ్ ఎంత అందంగా ఉన్నా ఆ పిల్లవాడికి ఉపయోగం లేదు.

రక్త ప్రసరణ గురించి నీ సినాప్సిస్‌లో ఒక్క ముక్క లేదు. నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది ఇదే. పల్ప్‌కు రక్తం ప్రధానంగా వేరు కొస నుంచే అందాలి. కణం బతకాలంటే రక్తకేశనాళిక దానికి సుమారు 100 నుంచి 200 మైక్రాన్ల దూరంలో ఉండాలి. కెనాల్ పొడవు మిల్లీమీటర్లలో ఉంటుంది. పందిరి ఎంత బాగా వేసినా పాదులో నీళ్లు లేకపోతే తీగ పాకదు కదా. పెద్దల పళ్లలో కొస రంధ్రం మిల్లీమీటరులో చిన్న భాగమే కాబట్టి సమస్య ఇంకా కఠినం. అయినా జపాన్‌లో మిసాకో నకాషిమా బృందం ఐదుగురు రోగుల పళ్లలో వారి సొంత పల్ప్ మూలకణాలను, జీ-సీఎస్ఎఫ్ అనే ఎదుగుదల ప్రోటీన్‌ను కొల్లాజెన్‌తో కలిపి పెట్టి 2017లో ఫలితాలు ప్రచురించింది. మరుసటి ఏడాది చైనా బృందం దెబ్బతిన్న పిల్లల ముందుపళ్లలో వారి పాలపళ్ల నుంచి పెంచిన కణాల ముద్దలను విడిగా స్కాఫోల్డ్ ఏదీ లేకుండానే పెట్టింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువు. స్కాఫోల్డ్ ఎందుకు అవసరమో నువ్వు నీ మాటల్లో రాయగలగాలి.

పదార్థాన్ని ఎంచుకునేటప్పుడు కెనాల్ ఇరుకును మరచిపోవద్దు. పీఎల్‌జీఏ అనే పాలిమర్ కరిగితే ఆమ్లాలు వస్తాయి, అంత సన్నటి సందులో అవి త్వరగా బయటపడలేవు. కొల్లాజెన్‌ను కణాలు లాగేస్తే అది కుంచించుకుపోయి గోడను వదిలేస్తుంది. వెలుతురుతో గట్టిపడే జెల్ అయితే లోతుకు వెలుతురు చేరుతుందో లేదో చూసుకో. నీ కైటోసాన్‌కు బాక్టీరియాను అణచే గుణం ఉంది, మంచిదే. కరిగించడానికి వాడిన అసిటిక్ ఆమ్లం మిగిలిపోకుండా బాగా కడుగు.

ప్రయోగాలు ప్లాస్టిక్ ప్లేట్ల మీదే ముగించకు. ఆర్థోడాంటిక్ చికిత్స కోసం తీసిన పళ్లను అనుమతితో తెచ్చుకుని, వేరు ముక్కల్లో చెయ్యి. కెనాల్‌ను శుభ్రం చేసే హైపోక్లోరైట్ గాఢంగా ఉంటే డెంటిన్ పైపొరను పాడుచేసి మూలకణాలను బతకనివ్వదు, అందుకే 1.5 శాతం వాడి, తర్వాత 17 శాతం ఈడీటీఏతో కడగమంటారు. ఈడీటీఏ డెంటిన్‌లో దాగిన టీజీఎఫ్-బీటా వంటి ఎదుగుదల కారకాలను బయటికి తెస్తుంది. నీ నమూనాలన్నీ ఈ రెండు ద్రవాలూ చూసి ఉండాలి. యాంటీబయోటిక్ పేస్టు కూడా అంతే, చిక్కగా పెడితే క్రిములతో పాటు కణాలూ పోతాయి.

కాల్షియాన్ని చూపే రంగు అలిజరిన్ రెడ్ ఎర్రగా వచ్చిందని సంబరపడకు. హైడ్రాక్సీ అపటైట్ అనే కాల్షియం ఖనిజం కలిపిన స్కాఫోల్డ్ కణాలు లేకపోయినా ఎర్రబడుతుంది. కణాలు లేని స్కాఫోల్డును ప్రతిసారీ పక్కన ఉంచు. ఒక్క రంగుతో ఒడాంటోబ్లాస్ట్ అని తేల్చేయక, ఆ కణాలకు గుర్తయిన డీఎస్‌పీపీ ప్రోటీన్ కూడా చూడు.

పాలపళ్ల కణాలను దాచిపెడతామంటూ డబ్బు తీసుకునేవాళ్లు నీ దగ్గరికి వస్తారు, తల్లిదండ్రులూ అడుగుతారు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు పంటి పల్ప్‌ను వాణిజ్యపరంగా దాచడానికి ఒప్పుకోలేదు. ఆ మాట మొహమాటం లేకుండా చెప్పు. పూర్తి పన్ను మొలుస్తుందా అని అడిగితే, ఈ పని పంటి లోపలి కణజాలం గురించి మాత్రమేనని చెప్పు. ఎనామిల్ తయారుచేసే కణాలు పన్ను బయటికి వచ్చేసరికే పోతాయి.

రేపు రోగుల దాకా వెళ్తే, ఎక్స్-రే ప్రతిసారీ ఒకే కోణంలో తీసేలా హోల్డర్ చేయించుకో. కోణం మారితే మందం కాని గోడ కూడా మందంగా కనిపిస్తుంది. ఇవన్నీ కలిపి సినాప్సిస్ తిరగరాసి పంపు. ఎథిక్స్ కమిటీకి ఇచ్చేలోపు నేను చదివి పెడతాను.

నీ పెద్దమ్మ