ఫేస్‌లిఫ్ట్‌లో నరం దెబ్బతిని మూతి వంకరపోతుందా?

వచ్చే నెల ఫేస్‌లిఫ్ట్ (ముఖం మీద వదులైన చర్మాన్ని బిగించే ఆపరేషన్) ఉందని, నరం తెగి మూతి వంకరపోతుందేమోనని నిద్ర పట్టడం లేదని రాశారు. సర్జన్లు ఆ నరాన్ని ఎలా కాపాడతారని అడిగారు. ఈ ఆపరేషన్లు చేసే ప్లాస్టిక్ సర్జన్‌గా నా అనుభవం చెబుతాను.

ముఖాన్ని కదిలించే నరం చెవి వెనుక, పుర్రె అడుగున ఉన్న చిన్న రంధ్రంలోంచి బయటికి వస్తుంది. పరోటిడ్ అనే లాలాజల గ్రంథిలోకి దూరి కణతకు, చెంప ఎముకకు, బుగ్గకు, దవడ అంచుకు, మెడకు ఐదు కొమ్మలుగా చీలుతుంది. గ్రంథిలో ఉన్నంతవరకు దానికి మంచి రక్షణే. గ్రంథి ముందు అంచు దాటితే మాత్రం పలుచని పొర ఒక్కటే అడ్డు. శిక్షణ రోజుల్లో మొదటిసారి ఆ పొర కింద కుట్టుదారమంత సన్నని తెల్లటి కొమ్మను చూసి నా చెయ్యి ఆగిపోయింది. "ఏ పొరలో ఉన్నావో చెప్పి, తర్వాత కత్తెర కదుపు" అన్నారు మా గురువుగారు. ఇప్పటికీ ప్రతి ఆపరేషన్‌లో ఆ మాట లోలోపల చెప్పుకుంటూనే ఉంటాను.

మీ ప్రశ్నకు అసలు జవాబు అదే. చర్మం కింద కొవ్వు, దాని కింద స్మాస్ అనే గట్టి పొర, ఆ కింద నరం కొమ్మలు. స్మాస్ పైనే పనిచేస్తున్నంతసేపు ప్రమాదం తక్కువ. దాని కిందికి వెళ్లే పద్ధతుల్లో ఒళ్లంతా కళ్లు చేసుకోవాలి.

రెండు చోట్ల మరీ జాగ్రత్త. ఒకటి కణత. చెవి ముందున్న చిన్న మృదులాస్థికి అర సెంటీమీటరు కింద నుంచి, కనుబొమ బయటి కొసకు ఒకటిన్నర సెంటీమీటర్ల పైకి గీత గీస్తే కనుబొమను లేపే కొమ్మ దారి దాదాపు అదే. రెండోది దవడ. పళ్లు బిగించి, గట్టిపడిన కండరానికి సరిగ్గా ముందు దవడ అంచు మీద వేలు పెట్టండి, ధమని కొట్టుకోవడం తెలుస్తుంది. కింది పెదవి కొమ్మ ఆ ధమనిని దాటుతుంది. ధమనికి వెనుక భాగంలో అది దవడ అంచుకు ఒక సెంటీమీటరు దాకా దిగువన ఉండవచ్చని, సుమారు 19 శాతం ముఖాల్లో అలా కనిపించిందని 1962లో డింగ్‌మన్, గ్రాబ్ అనే సర్జన్లు చూపించారు. బుగ్గ కొమ్మలు ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి కాబట్టి ఒకటి దెబ్బతిన్నా చాలాసార్లు పైకి తెలియదు. ఈ రెండింటికీ ఆ వెసులుబాటు తక్కువ.

ఒకావిడ ఆపరేషన్ మర్నాడు పళ్లు కనిపించేలా నవ్వితే కింది పెదవి ఒకవైపు దిగలేదు. నా గుండె జారిపోయింది. పెదవిని బయటికి తిప్పమన్నాను. రెండు వైపులా సమానంగా తిరిగింది. అంటే పెదవి కొమ్మ బాగానే ఉంది, నలిగింది పెదవిని కిందికి లాగడంలో సాయపడే మెడ కొమ్మ. ఆరు వారాలకు నవ్వు సరిగ్గా కుదిరింది.

ఎక్కువ కేసుల్లో జరిగేది ఇలాంటిదే. నరం తెగదు, లాగడం వల్లనో, రక్తం ఆపడానికి వాడే కాటరీ పరికరం వేడి వల్లనో కొంతకాలం మొద్దుబారుతుంది, వారాల్లోనో నెలల్లోనో కోలుకుంటుంది. మత్తు ఇంజెక్షన్ వల్ల వచ్చే బలహీనత అయితే కొన్ని గంటలే. చెవి తమ్మె తిమ్మిరి ఎక్కితే కంగారు పడకండి, అది స్పర్శ తెలిపే వేరే నరం.

కన్ను పూర్తిగా మూతపడకపోతే మాత్రం ఆ రోజే డాక్టరుకు చెప్పండి, కంటిపొర ఎండిపోతుంది. ముఖానికి ఇంతకుముందు ఏ ఆపరేషన్ జరిగినా దాచకండి. మచ్చకట్టిన చోట పొరలు అతుక్కుపోయి ఉంటాయి. ఆపరేషన్‌కు ముందే నవ్వుతూ, కనుబొమలు ఎత్తుతూ, కళ్లు గట్టిగా మూస్తూ ఒక వీడియో తీసి పెట్టుకోండి. చాలామంది నవ్వు మొదటి నుంచీ కాస్త ఒకవైపుకే ఉంటుంది, తర్వాత పోల్చి చూసుకోవడానికి ఆ వీడియో మీకూ మీ సర్జన్‌కూ పనికొస్తుంది.