గోడకు పెద్ద పగులు, స్లాబు కింద పెచ్చులు: దేనికి ముందు భయపడాలి?

ఇంటికి పాతికేళ్లు దాటాయి, హాలు గోడకు పెద్ద పగులు వచ్చింది, బాల్కనీ స్లాబు కింద పెచ్చులు ఊడుతున్నాయి, సిమెంటు పూసేస్తే చాలని మేస్త్రి అంటున్నాడు, నమ్మవచ్చా అని అడిగారు.

పెచ్చుల విషయంలో మాత్రం నమ్మకండి. కాకినాడలో మా నాన్న 1991లో కట్టించిన ఇంటికి ఈ రెండూ వచ్చాయి. మేం మొదట గోడ గురించే టెన్షన్ పడ్డాం, అసలు ప్రమాదం బాల్కనీలో ఉంది.

మా గోడ పగులు కిటికీ మూల నుంచి ఏటవాలుగా పైకి పాకింది. రూపాయి బిళ్ల దూరేంత వెడల్పు. పునాది కుంగిపోతోందని చుట్టాలందరూ భయపెట్టారు. తెలిసిన సివిల్ ఇంజినీరు వచ్చి, పగులు ఆగిన చోట పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేశారు. పగులుకు అడ్డంగా ఒక సన్నటి గాజు ముక్కను పెట్టి, రెండు చివర్లనూ ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అంటించారు. గోడ కదిలితే గాజు విరుగుతుంది. ఒక వర్షాకాలం, ఒక ఎండాకాలం గడిచినా గాజు విరగలేదు, పగులు గీత దాటలేదు. ఎప్పుడో కుంగి ఆగిపోయిన పాత దెబ్బ అది.

ఆ మధ్యే నాన్నకు ఛాతీలో నొప్పి వస్తే ఆసుపత్రిలో ట్రోపోనిన్ పరీక్ష చేశారు. గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ప్రొటీన్ అది. ఆయనకు కిడ్నీ జబ్బు ఉంది కాబట్టి ఆ అంకె మామూలుగానే ఎక్కువ ఉంటుందట. అందుకే కొన్ని గంటల తర్వాత మళ్లీ చేసి, పెరుగుతోందా లేదా అని చూశారు. పెరగలేదు. ఒక్కసారి చూసినది కాదు, మారుతోందా లేదా అన్నదే ముఖ్యం. గోడ మీద గాజు ముక్క ఎందుకు పెట్టారో నాకు ఆ రోజు బాగా అర్థమైంది.

ఇక బాల్కనీ. స్లాబు అడుగున, లోపలి ఇనుప చువ్వ వెళ్లే దారిలోనే తిన్నగా వెంట్రుకలాంటి గీత, దాని వెంట గోధుమరంగు మరక. మామూలు పరిస్థితుల్లో కాంక్రీటు పగులు 0.3 మి.మీ. దాటకూడదని కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐ.ఎస్. 456 చెబుతుంది. ఇది అంత కూడా లేదు. కానీ సుత్తితో తడితే డొల్ల శబ్దం వచ్చింది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికే కాంక్రీటు పెచ్చులుగా లేస్తుంది.

ఒక పరీక్షల సంస్థ మనిషి వచ్చి పైపొర గట్టిదనం చూపే రీబౌండ్ హ్యామర్‌తో కొట్టి, అంకె బాగుంది, స్లాబు గట్టిగా ఉంది అని చెప్పి వెళ్లాడు. మా ఇంజినీరు ఒప్పుకోలేదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి కాంక్రీటులోకి దిగితే పైపొర గట్టిపడి హ్యామర్ అంకె పెరుగుతుంది. అదే సమయంలో ఇనుమును తుప్పు నుంచి కాపాడే క్షారగుణం పోతుంది. అంటే మాకు ధైర్యం చెప్పిన అంకె వెనుక జబ్బే ఉండవచ్చు. ఆయన చిన్న ముక్క కొట్టి, కొత్తగా విరిగిన చోట ఫినాఫ్తలీన్ అనే రసాయనం చల్లారు. క్షారగుణం ఉంటే గులాబీ రంగు రావాలి. చువ్వ దాకా ఎక్కడా రంగు రాలేదు.

మీ ఊరు సముద్రం దగ్గరైతే ఇంకో జాగ్రత్త. గులాబీ రంగు వచ్చినంత మాత్రాన నిశ్చింతగా ఉండలేం. ఉప్పు లోపలికి దిగితే క్షారగుణం ఉన్నా చువ్వ తుప్పు పడుతుంది. కాంక్రీటు పొడి తీయించి ఉప్పు ఎంత దిగిందో చెప్పే క్లోరైడ్ పరీక్ష చేయించాలి. తుప్పు నడుస్తోందా అని తెలుసుకోవడానికి చువ్వ విద్యుత్ పొటెన్షియల్ (ఒక రకం వోల్టేజీ) కూడా కొలుస్తారు. పోలిక కోసం వాడే కాపర్ సల్ఫేట్ ఎలక్ట్రోడ్‌తో చూస్తే అది మైనస్ 350 మిల్లీవోల్టుల కంటే కిందికి పోతే, అక్కడ తుప్పు నడుస్తున్న అవకాశం 90 శాతం పైనే.

మా బాల్కనీ కొట్టి చూస్తే 8 మి.మీ. చువ్వ కొన్నిచోట్ల 6 మి.మీ.కి వచ్చింది. రెండు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది గానీ, చువ్వలో దాదాపు 44 శాతం ఇనుము పోయినట్టు. పైన సిమెంటు పూసి ఉంటే మరక కనబడేది కాదు, లోపల తినేయడం మాత్రం ఆగేది కాదు. కింద జాకీలు పెట్టి, చువ్వల వెనక దాకా కాంక్రీటు కొట్టి, తుప్పు గీకి, కొత్త చువ్వలు కట్టించి బాగు చేయించాం.

మీరు ఈ రోజే బాల్కనీ మీద కుండీలూ బరువులూ తీసేయండి, కింద పిల్లల్ని ఆడనివ్వకండి. గోడ పగులు కొసల దగ్గర గీత గీసి తేదీ వేయండి. పెచ్చు ఊడిన చోట చువ్వ కనబడుతోందా, దాని మందం ఎంత ఉందో చూసి చెప్పండి.